వెనక బెంచీలో మరో మాస్టారు



విశ్వవిద్యాలయంలో ఒక్కరి మాట మీద నడిచే పనులు తక్కువ. పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే అది బయటి పరీక్షకుల దగ్గరికి వెళ్తుంది. ఆచార్యుడు వ్యాసం రాస్తే పత్రిక సంపాదకుడు దాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి, వాళ్ళు సరేనన్నాకే అచ్చువేస్తాడు. ప్రశ్నపత్రం తయారుచేసే మనిషి వేరు, సరిచూసే మనిషి వేరు. పీజీ జవాబు పత్రాలను చాలాచోట్ల ఇద్దరు దిద్దుతారు. ఇద్దరి మార్కులకూ మరీ తేడా వస్తే మూడో మనిషిని పిలుస్తారు. హాస్టల్ మెస్‌లో సాంబారు పల్చబడితే అడగడానికి కూడా ఒక కమిటీ ఉంటుంది.

పాఠానికి మాత్రం ఎవరూ లేరు.

గంట మోగుతుంది. మాస్టారు లోపలికి వెళ్తారు, అటెండెన్స్ వేస్తారు, తలుపు దగ్గరగా వేస్తారు. యాభై నిమిషాల తర్వాత చేతికి అంటిన సుద్దపొడి దులుపుకుంటూ బయటికి వస్తారు. లోపల ఏం జరిగిందో ఆయనకు తెలుసు, పిల్లలకు తెలుసు. పక్క గదిలో అదే సబ్జెక్టు ఇరవై ఏళ్ళుగా చెబుతున్న స్నేహితుడికి తెలియదు. ఇద్దరూ రోజూ స్టాఫ్‌రూంలో ఒకే ఫ్లాస్కులోని టీ పంచుకుంటారు. డీఏ బకాయిల గురించి, అమెరికాలో ఉన్న అబ్బాయి గురించి, అమ్మాయి పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుకుంటారు. "ఇవాళ ఫలానా చోట పిల్లలకు ఎక్కలేదండీ, మీరెలా చెబుతారు?" అన్న మాట మాత్రం ఏడాదికోసారైనా వినబడదు.

ఈ ఒంటరితనానికి పేరు పెట్టి, దాని మీద గట్టిగా మాట్లాడినవారు లీ షుల్మన్. స్టాన్‌ఫర్డ్‌లో విద్యాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసి, తర్వాత కార్నెగీ ఫౌండేషన్‌కు అధ్యక్షులైనవారు. 1993లో అమెరికాలోని 'ఛేంజ్' పత్రికలో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. పరిశోధన అంటే గదిలో ఒక్కడే కూర్చుని చేసుకునే పని, పాఠం చెప్పడమంటే పదిమంది మధ్య చేసే పని అని కొత్తలో ఆయన అనుకున్నారట. ఉద్యోగంలో దిగాక లెక్క తలకిందులైంది. పరిశోధన నిండా సదస్సులు, ఉత్తరాలు, వాదోపవాదాలు, దేశదేశాల్లో చుట్టరికాలు. తరగతిలోకి అడుగుపెట్టి తలుపు వేస్తే మాత్రం తోడు ఎవరూ లేరు. బోధన కూడా అందరి ఉమ్మడి ఆస్తి కావాలన్నది ఆయన వాదన. మన మాటల్లో చెప్పాలంటే, పెరట్లో బావిలా కాదు, ఊరుమ్మడి చెరువులా.

ఆ మాట ఊరికే పోలేదు. మరుసటి ఏడు, 1994లో, అమెరికన్ ఉన్నత విద్యా సంఘం 12 విశ్వవిద్యాలయాలను కూడగట్టి, పాట్ హచింగ్స్ ఆధ్వర్యంలో అధ్యాపకులు ఒకరి బోధనను ఒకరు సమీక్షించుకునే ప్రయత్నం మొదలుపెట్టింది. ఆంగ్లంలో దీన్నే పీర్ రివ్యూ ఆఫ్ టీచింగ్ అంటారు. సాటివారి సమీక్ష అనుకుందాం.

అయితే సాటివాణ్ణి పిలిచి వెనక బెంచీలో కూర్చోబెట్టినంత మాత్రాన నిజం బయటికి వస్తుందా? ఈ సందేహానికి షుల్మన్ కంటే పద్దెనిమిదేళ్ళ ముందే ఒక జవాబు దొరికింది. జాన్ సెంట్రా అనే పరిశోధకులు ఒక కొత్త విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు ఒకరి తరగతికి ఒకరు వెళ్ళి చూసి వేసిన మార్కులను లెక్కగట్టి, 1975లో ప్రచురించారు. ఆ మార్కుల్లో 94 శాతం 'అద్భుతం' లేదా 'బాగుంది'. అందరూ అంత బాగా చెబుతుంటే సంతోషమే. తమాషా ఏమిటంటే, ఒకే మనిషి పాఠాన్ని చూసిన వేర్వేరు సహోద్యోగుల అంచనాలు ఒకదానితో ఒకటి పెద్దగా కలవలేదు. మెచ్చుకోవడంలో అందరిదీ ఒకే మాట, చూడడంలో ఎవరి చూపు వారిది.

అమెరికన్లు దీన్ని ఏమంటారో గానీ మనకు ఇలాంటి సందర్భానికి చక్కని మాట ఉంది: మొహమాటం. రేపు పొద్దున్న ఎదురుపడాల్సిన మనిషి, ఎల్లుండి మన పాఠం చూడడానికి రాబోయే మనిషి. ఆయనకు తక్కువ మార్కులు ఎవరు వేస్తారు? పెళ్ళి భోజనంలో పప్పులో ఉప్పు తక్కువైందని పెళ్ళికూతురి తండ్రితో ఎవరంటారు?

మరి విద్యార్థులను అడిగితే? వాళ్ళకు మొహమాటం లేదు, పైగా రోజూ చూస్తున్నారు. ప్రపంచమంతా ఎక్కువగా నడుస్తున్న దారి ఇదే. సెమిస్టరు చివర ఒక ఫారం, అయిదింటికి ఎన్ని అని. ఆ దారిలో ఉన్న గోతుల్లో ఒకటి 1970లోనే బయటపడింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య విభాగం వాళ్ళు ఒక నటుణ్ణి పట్టుకొచ్చారు. చూడడానికి పెద్దమనిషి తరహా, గంభీరమైన గొంతు. ఆయనకు డాక్టర్ మైరన్ ఫాక్స్ అని పేరు పెట్టారు, మనుషుల ప్రవర్తనకు గణితాన్ని అన్వయించడంలో దిట్ట అని పరిచయం చేశారు. వైద్యుల చదువుకు గణితంలోని గేమ్ థియరీ ఎలా పనికొస్తుందన్నది ఉపన్యాస విషయం. ఆయనకు ఆ విషయం ఒక్క ముక్క తెలియదు. తెలియకూడదన్నదే షరతు. పరస్పర విరుద్ధమైన మాటలు, లేని పదాలు, ఒకదానికొకటి పొంతన లేని ఉదాహరణలు, వాటి మధ్య మధ్య జోకులు ఇవన్నీ అభ్యాసం చేయించారు. వినడానికి వచ్చినవాళ్ళు సైకియాట్రిస్టులు, మనస్తత్వవేత్తలు, సామాజిక సేవా విద్య బోధించేవాళ్ళు. గంటసేపు ఉపన్యాసం, అరగంట ప్రశ్నలు జవాబులు. ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత వీడియో మరో రెండు బృందాలకు చూపించారు, వాళ్ళూ మంచి మార్కులే వేశారు. ఈయన రచనలు ఇదివరకే చదివానని రాసిన మహానుభావుడు కూడా ఒకరున్నారు. 1973లో ఈ వివరాలు అచ్చయ్యాక దీనికి డాక్టర్ ఫాక్స్ ప్రభావం అన్న పేరే స్థిరపడింది.

ఇంకో గొయ్యి పేరులోనే ఉంది. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక ఆన్‌లైన్ కోర్సుకు ఒక మగ టీచరు, ఒక ఆడ టీచరు ఉన్నారు. ఇద్దరూ ఒక బృందానికి తమ పేరుతో, ఇంకో బృందానికి అవతలివారి పేరుతో పాఠాలు చెప్పారు. పిల్లలకు మొహం కనిపించదు, రాత మాత్రమే కనిపిస్తుంది. నిజంగా చెప్పినది ఎవరైనా, మగపేరు ఉన్న మాస్టారికి ఎక్కువ మార్కులు వచ్చాయి. 2015లో వెలువడిన ఫలితం ఇది.

ఈ గొడవ చివరికి తీర్పు దాకా వెళ్ళింది. టొరంటోలో అప్పట్లో రయర్సన్ అని పేరున్న విశ్వవిద్యాలయంలో అధ్యాపక సంఘానికీ యాజమాన్యానికీ ఏళ్ళ తరబడి నడిచిన వివాదంలో 2018లో మధ్యవర్తి విలియం కప్లన్ తేల్చి చెప్పారు: పదోన్నతికీ, ఉద్యోగ భద్రతకూ బోధన సామర్థ్యాన్ని కొలవడానికి విద్యార్థుల సర్వే మార్కులు వాడరాదు. పిల్లల అనుభవం ఎలా ఉందో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి, అంతవరకే. అదే ఏడు, ఒకప్పుడు డాక్టర్ ఫాక్స్‌ను వేదిక ఎక్కించిన ఆ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కూడా పదోన్నతి నిర్ణయాల్లో సర్వే మార్కులను నేరుగా వాడడం మానేసి సాటివారి సమీక్ష వైపు మళ్ళుతున్నట్టు ప్రకటించింది. మళ్ళీ మొదటికే వచ్చాం. పిల్లల మార్కులు నమ్మలేం, సాటివాళ్ళ మార్కులు మొహమాటం.

పోనీ బయటివాళ్ళను పంపితే? బ్రిటన్ ఆ పనీ చేసింది. 1993లో మొదలుపెట్టి 2001 దాకా విశ్వవిద్యాలయాల్లో సబ్జెక్టుల వారీగా బోధన తనిఖీలు నడిపారు. ఇంగ్లండులో 1995 నుంచి ఆరు అంశాలు, అంశానికి 4 మార్కులు, మొత్తం 24. బయటి విశ్వవిద్యాలయాల అధ్యాపకులు వచ్చి తరగతుల్లో కూర్చున్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ మార్కులు పైపైకి పాకాయి. బోధన బాగుపడిందా, తనిఖీకి తయారవడంలో చెయ్యి తిరిగిందా అని అక్కడివాళ్ళే ఎగతాళి చేసుకున్నారు.

మన పాతతరం వాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నారంటే ఊళ్ళో బడి ఎలా మారిపోయేదో ప్రతి ఇంట్లో ఒక ముచ్చట ఉంటుంది. నేల పేడతో అలకడం, గోడకు భారతదేశం పటం ఎక్కడం, పిల్లలకు ముందుగానే పాఠం వల్లె వేయించడం. "జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తండి, ఎత్తనివాడు మాత్రం ఉండకూడదు" అని మాస్టారు పిల్లలతో ఒప్పందం చేసుకున్న కథ ఏ జిల్లాలో పుట్టిందో తెలియదు గానీ అన్ని జిల్లాలవాళ్ళూ తమదే అంటారు. ఇప్పుడు కళాశాలకు తనిఖీ బృందం వస్తోందంటే ఆవరణలో వేపచెట్టుకు కూడా శాస్త్రీయ నామంతో బోర్డు లేస్తుంది.

మన దగ్గర పాఠం విలువ కట్టే పద్ధతి వీటన్నిటికంటే తేలిక. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పదోన్నతికి ఒక పట్టిక ఉంది. బోధన అన్న వరుసలో చూసేది కేటాయించిన తరగతుల్లో ఎన్ని తీసుకున్నారన్నదే. 80 శాతం, అంతకు మించి అయితే 'బాగుంది'. 70కి తగ్గకుండా 80 లోపు అయితే 'సంతృప్తికరం'. 70 కంటే తగ్గితే 'సంతృప్తికరం కాదు'. పక్కనే పరిశోధనకు మరో పట్టిక. గుర్తింపు పొందిన పత్రికలో వ్యాసం పడితే సైన్సు, ఇంజినీరింగ్ వాళ్ళకు 8 పాయింట్లు, భాషలు, మానవీయ శాస్త్రాలవాళ్ళకు 10. వ్యాసాన్ని తోటి పండితుడు చదవాలి. పాఠానికి హాజరు లెక్క చాలు. క్లాసులో పాత నోట్సు అక్షరం పొల్లుపోకుండా డిక్టేషన్ చెప్పినా, పిల్లలు కళ్ళు విప్పార్చుకుని వినేలా చెప్పినా, పట్టికలో ఒకే గడి.

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అకడమిక్ ఆడిట్ అని జరుగుతుంటుంది. వచ్చేవాళ్ళు వేరే కళాశాలల అధ్యాపకులే, అంటే అచ్చంగా సాటివారే. కానీ వాళ్ళ ముందు పరిచేది టీచింగ్ డైరీ, కరిక్యులర్ ప్లాన్, రిజిస్టర్లు, ఫీడ్‌బ్యాక్ ఫైళ్ళు. ఫైలు కట్టడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు. పాఠం తాలూకు కాగితాలన్నీ ఆడిట్ అవుతాయి, పాఠం మాత్రం గదిలోనే ఉండిపోతుంది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పబోయే బీఎడ్ విద్యార్థిని అడిగితే సాటివారి సమీక్ష అంటే ఏమిటో ఆమె ఇట్టే చెబుతుంది, ఆ పేరు తెలియకపోయినా. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో డ్వైట్ ఆలెన్ బృందం తయారుచేసిన మైక్రో టీచింగ్ పద్ధతిని మన ఎన్‌సీఈఆర్‌టీ ఇక్కడికి తగ్గట్టు మార్చుకుంది. మొత్తం 36 నిమిషాలు. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు సాటివాళ్ళ అభిప్రాయం, పన్నెండు నిమిషాలు మళ్ళీ సిద్ధమవడం, ఆరు నిమిషాలు అదే పాఠం మళ్ళీ, ఆరు నిమిషాలు మళ్ళీ అభిప్రాయం. తోటి బీఎడ్ విద్యార్థులే ఆరో తరగతి పిల్లల్లా నటిస్తూ బల్లల మీద కూర్చుంటారు. మీసాలున్న మనిషి లేచి "టీచర్, నాకర్థం కాలేదు" అంటాడు. అందరూ నవ్వుతారు, పాఠం చెప్పే అమ్మాయికి చెమటలు పడతాయి. కానీ ఆ రోజు ఆమెకు ఒక సంగతి తెలుస్తుంది: బోర్డు వైపు తిరిగి మాట్లాడితే వెనకవాళ్ళకు మాట వినబడదని.

విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చెప్పడానికి ఇవేవీ అక్కర్లేదు. నెట్, సెట్ లేదా పీహెచ్‌డీ, ఆపైన ఇంటర్వ్యూ. ఉద్యోగంలో చేరాక శిక్షణ ఉంది నిజమే. 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వచ్చాయి, పేర్లు రెండుసార్లు మారి ఇప్పుడు మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. ఉస్మానియాలోనూ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఇవి ఉన్నాయి. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఎక్కువసేపు చేసేది మాత్రం మరొకరి ఉపన్యాసం వినడమే. ఎంత చిన్న తరగతి చెబితే అంత పెద్ద శిక్షణ, ఎంత పెద్ద తరగతి చెబితే అంత తక్కువ.

అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయం ఈ తలకిందుల వ్యవహారాన్ని తనకు అనుకూలంగా వాడుకుంది. తమ సైన్సు అధ్యాపకుల తరగతులు చూడడానికి హైస్కూలు, మిడిల్ స్కూలు టీచర్లను పిలిచింది. ఆచార్యులవారు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో బడి పంతులమ్మ కూర్చుని రాసుకుంటుంది. ఆమె చేతికి ఇచ్చింది మార్కుల పట్టీ కాదు. ఈ కథలో అసలు మలుపు ఆ కాగితమే.

దాని పేరు కోపస్. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ బృందం, మెయిన్‌లో మిషెల్ స్మిత్ కలిసి తయారుచేసి 2013లో ప్రచురించారు. వీమన్ 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నవారు. పరమాణువులను పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లార్చిన మనిషి, ఆ తర్వాత పిల్లలు ఫిజిక్సు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్న మీద పడ్డారు. 2007లో ఆ పని కోసమే కెనడా వెళ్ళారు. ప్రయోగశాలలో కొలిచే అలవాటు తరగతి గదికీ తెచ్చారు.

కాగితం మీద అడ్డంగా గీతలు. గీతకు రెండు నిమిషాలు. నిలువుగా గడులు మొత్తం 25: మాస్టారు చేసేవి 12, పిల్లలు చేసేవి 13. ఉపన్యాసం, బోర్డు మీద రాయడం, ప్రశ్న అడగడం, పిల్లల మధ్య తిరగడం, ఒకరితో విడిగా మాట్లాడడం, పరీక్ష పేపర్లు పంచడం లాంటివి, ఏమీ చేయకుండా ఆగి ఉండడం మాస్టారి వైపు. వినడం, ఒంటరిగా ఆలోచించడం, గుంపుగా చర్చించడం, ప్రశ్న అడగడం పిల్లల వైపు. రెండు నిమిషాల్లో ఏది జరిగితే ఆ గడిలో టిక్కు. బాగుందా బాగాలేదా అన్న గడి అందులో లేదు. గంటన్నర శిక్షణ ఇస్తే ఎవరైనా నింపగలరు, ఇద్దరు విడివిడిగా నింపినా దాదాపు ఒకేలా వస్తుంది. సెంట్రా లెక్కలో కుదరనిది ఇక్కడ కుదిరింది. కారణం చిన్నదే. తీర్పు అడిగితే మనిషి మొహమాటపడతాడు, ఏం జరిగిందో రాయమంటే రాస్తాడు.

ఈ కాగితం మన ఊరి డిగ్రీ కళాశాలకు వచ్చిందనుకుందాం. రెండో సంవత్సరం కెమిస్ట్రీ, 55 మంది పిల్లలు, ఉదయం పదకొండు గంటల క్లాసు. మాస్టారు మంచివారు, సబ్జెక్టు మీద పట్టున్నవారు. వెనక బెంచీలో ఫిజిక్స్ మాస్టారు కాగితంతో కూర్చున్నారు. మొదటి మూడు గీతలు అటెండెన్సుకు, పరీక్ష ఫీజు చివరి తేదీ ప్రకటనకు పోయాయి. నాలుగో గీత నుంచి ఉపన్యాసం, బోర్డు, ఉపన్యాసం, బోర్డు. పదకొండో గీతలో మాస్టారు ఇటు తిరిగి "అర్థమైందా?" అన్నారు. "అయింది సార్" అని కోరస్. ఫిజిక్స్ మాస్టారికి ఒక చిక్కొచ్చి పడింది: దీన్ని ప్రశ్న గడిలో వేయాలా, ఉపన్యాసం గడిలో వేయాలా? వెనక బెంచీలో కూర్చుంటేనే తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. ఆ కోరస్ అంతా ముందు మూడు వరుసలదే. తన పక్కన కూర్చున్న కుర్రాడు తల ఎత్తకుండా, పెదవి కదపకుండా బోర్డు మీదున్నది దించుకుంటూనే ఉన్నాడు. పదిహేనో గీతలో ఒక అసలైన ప్రశ్న వచ్చింది. జవాబు కూడా వెంటనే వచ్చింది, మాస్టారి నోటి నుంచే.

ఈ చివరి అలవాటు ఒక్క మన ఊరిది కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో బడి తరగతుల టేపులు విని లెక్కపెట్టారు. ప్రశ్న వేశాక టీచర్లు సాధారణంగా ఒక్క సెకను కూడా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే చాలు, పిల్లల జవాబులు పొడవవుతాయి, మామూలుగా నోరెత్తనివాళ్ళూ ఎత్తుతారు. మూడు సెకన్లు అంటే ఒక గుటక మంచినీళ్ళు తాగినంతసేపు. చెప్పే మనిషికి ఆ నిశ్శబ్దం యుగంలా ఉంటుంది. తాను ఆగానో లేదో తనకు తెలియదు. గురివింద గింజకు తన కింది నలుపు కనబడకపోవడం దాని తప్పేమీ కాదు, కన్ను ఉన్నచోటు అలాంటిది.

క్లాసయ్యాక కెమిస్ట్రీ మాస్టారు ఆ కాగితం చూస్తే ఏమంటారు? మొదట నమ్మరు. "నేను చాలా ప్రశ్నలు వేస్తానే" అంటారు. కాగితం వాదించదు, చూపిస్తుంది. ఈ మాస్టారు కల్పితమే గానీ ఆయనకు తోడు చాలామందే ఉన్నారు. 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇదే కాగితంతో అమెరికా, కెనడాల్లోని 25 సంస్థల్లో 500 మందికి పైగా అధ్యాపకుల 2000కు పైగా తరగతులను గమనించింది. వాటిలో 55 శాతం తరగతులు ప్రధానంగా ఉపన్యాసమే. అక్కడా అంతే.

కాగితం ఒక్కటే సరిపోదు. ఈ పని ఏళ్ళుగా చేస్తున్నచోట్ల మూడు మెట్లుంటాయి. ముందురోజు ఇద్దరూ కూర్చుంటారు. ఇవాళ ఏం చెప్పబోతున్నాను, ఏ చోట నాకు అనుమానం, నువ్వు ఏం చూడాలి అన్నది చెప్పేది పాఠం చెప్పే మనిషే. తర్వాత తరగతి. ఒకటి రెండు రోజుల్లో, జ్ఞాపకం చల్లారకముందే, మళ్ళీ ఇద్దరి మాటామంతీ. అమెరికాలోని సెయింట్ లూయిస్ కమ్యూనిటీ కళాశాలలో పుట్టిన టీచింగ్ స్క్వేర్స్ పద్ధతి ఇంకాస్త తెలివైనది. నలుగురు వేర్వేరు సబ్జెక్టుల అధ్యాపకులు ఒక జట్టు. ఒకరి క్లాసుకు ఒకరు వెళ్తారు. చివర్లో ఎవరూ ఎవరి తప్పులూ చెప్పరు. ఎదుటివారి పాఠం చూసి నా పాఠంలో నేనేం మార్చుకోబోతున్నానన్నది మాత్రమే చెప్పాలి. మొహమాటానికి ఇంతకన్నా మంచి మందు లేదు. తెలుగు సాహిత్యం చెప్పే ఆవిడ స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చుంటే ఆమెకు ఆ సబ్జెక్టు రాదు. రాదు కాబట్టే, పిల్లలకు ఎక్కడ అందకుండా పోయిందో ఆమెకు సరిగ్గా తెలుస్తుంది.

సాటివారి ముందు పరీక్షకు నిలబడడం మన సంస్కృతికి పడదనే మాట ఒకటి ఉంది. అది నిజం కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎవరు? పండితులు, కవులు, కొందరు స్వయంగా అవధానులు. నిండు సభలో సమస్య ఇస్తారు, నిషిద్ధాక్షరితో అక్షరమక్షరానికీ అడ్డం పడతారు, అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస చెదరగొడతారు. క్లాసు మధ్యలో తలుపు తోసుకుని "మే ఐ కమిన్ సార్" అనే కుర్రాడికి ఆ పాత్ర అచ్చంగా సరిపోతుంది. తిరుపతి వేంకట కవుల కాలం నుంచి ఊరూరా జనం ఇది కూర్చుని చూశారు. అవధానికి అది అవమానమని ఎవరూ అనుకోలేదు. పృచ్ఛకుడు అడ్డం పడేది పద్యం నిలబడాలనే. మంచి సమస్య ఇవ్వడం కూడా విద్వత్తే.

మన సంస్కృతికి పడనిది వేరే ఉంది, అది భయం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో చాలా పాఠాలు కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్టు అధ్యాపకుల భుజాల మీదే నడుస్తున్నాయి. వచ్చే ఏడు పునరుద్ధరణ ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో ఆ శాఖాధిపతి వెనక బెంచీలో కూర్చుంటే అది సమీక్ష కాదు, తనిఖీ. డేవిడ్ గాస్లింగ్ అనే బ్రిటిష్ విద్యావేత్త 2002లో ఈ తేడానే విడదీసి చెప్పారు. పైవాడు కిందివాడిని చూసి తీర్పు చెప్పడం ఒకటి, నిపుణుడు చూసి సలహా ఇవ్వడం ఒకటి, సమానులు ఒకరినొకరు చూసుకోవడం ఒకటి. మూడింటికీ ఒకే పేరు పెట్టి, మూడో దాని పేరుతో మొదటిదాన్ని నడిపిస్తే జనం రెండోసారి తలుపు తీయరు. పదోన్నతి ఫైలుకూ ఈ కాగితానికీ సంబంధం ఉండకూడదు. యాజమాన్యాలకు ఇది రుచించదు, కొలిచినదాన్ని వాడకుండా ఉండడం వాళ్ళకు చేతకాదు. అయినా ఇందులో రాజీ పడితే మళ్ళీ సెంట్రా లెక్కలోని 94 శాతం 'అద్భుతం', 'బాగుంది' మార్కులే మిగులుతాయి.

ఇంతా చేసి యాభై నిమిషాల తరగతిని చూస్తే బోధన అంతా చూసినట్టేనా? నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పిన డేనియల్ బెర్న్‌స్టీన్ కాదన్నారు. అక్కడ 1994 నుంచి నడిపిన ప్రయత్నంలో అధ్యాపకుడు తన కోర్సు మీద ఒక దస్త్రం తయారుచేస్తాడు. ఏం నేర్పాలనుకున్నాను, ఎందుకు, ఎలా నేర్పాను అన్నవి అందులో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా పిల్లలు రాసిన జవాబులు, బాగా రాసినవీ, మధ్యస్థమైనవీ, తప్పినవీ కొన్ని కొన్ని జతచేయాలి. దాన్ని వేరే విశ్వవిద్యాలయంలో అదే సబ్జెక్టు చెప్పేవాళ్ళు చదివి రాతపూర్వకంగా స్పందిస్తారు. మాస్టారి గొంతు, హాస్యం, హావభావాలు ఆ దస్త్రంలో ఉండవు. డాక్టర్ ఫాక్స్‌లు ఈ పరీక్షలో నెగ్గలేరు.

మన దగ్గర ఈ పనికి ముడిసరుకు గుట్టలుగా ఉంది. మిడ్ పరీక్షల జవాబు పత్రాలు దిద్ది, మార్కులు ఎక్కించి, కట్టలు కట్టి అటక మీద పడేస్తాం. ఫలానా ప్రశ్నకు 55 మందిలో 40 మంది ఒకే తప్పు చేశారంటే ఆ తప్పు పిల్లలది కాకపోవచ్చు. ఆ కట్ట పట్టుకుని పక్క కళాశాలలో అదే పేపరు చెప్పే స్నేహితుడి దగ్గరికి వెళ్తే ఒక సాయంకాలం సరిపోతుంది. దీనికి నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

ఈ ప్రసంగం వింటున్న అధ్యాపకులకు ఒక విన్నపం. ఈ సెమిస్టరులో ఒక్క క్లాసు ఎంచుకోండి. బాగా వచ్చిన పాఠం వద్దు, ఎప్పుడూ ఎక్కడో తట్టుకుంటుందని మీకే అనిపించే పాఠం తీసుకోండి. మీరు మనసు విప్పి మాట్లాడగలిగిన ఒక్క సహోద్యోగిని పిలవండి, వేరే సబ్జెక్టు అయితే మరీ మంచిది. ఒక తెల్లకాగితం మీద రెండు నిమిషాలకో గీత గీసి ఇవ్వండి. ప్రిన్సిపాల్‌కు చెప్పాల్సిన పని లేదు. క్లాసయ్యాక ఆ కాగితం మీరే తీసుకుని మీ డ్రాయరులో పెట్టుకోండి. మరుసటి వారం ఆయన క్లాసుకు మీరు వెళ్ళండి.